పలక మీద బేకరీ

ఒరే లెఫ్తేరీ,

బల్గేరియాలో బేకరీ పెట్టానని గొప్పలు పోతే ప్రారంభోత్సవానికి వచ్చాను. ఉన్నదల్లా ఒక తలుపు, దానిమీద నీ పేరు పలక. తులసి రెమ్మతో పవిత్రజలం చల్లడానికొచ్చిన ఫాదర్ "పొయ్యి ఏది నాయనా?" అంటే, "తలుపు మీదే కానిచ్చెయ్యండి" అన్నావు. సిగ్గులేదూ?

పొయ్యి ఇక్కడే, మన గ్రీసులో, థెస్సలోనికిలోనే మండుతోంది. దానిముందు పద్దెనిమిదేళ్లుగా రొట్టెలు కాలుస్తున్న స్తమాతియా మాత్రం నీ కొత్త ఒప్పందంలో బల్గేరియా ఉద్యోగి అయింది, అక్కడి తక్కువ జీతానికి! ఆమెచేత సంతకం పెట్టించమని నాకే రాస్తావా?

కాగితం చదివి వినిపించాను. "మీ తమ్ముడు దేశం దాటితే దాటాడు, నన్నెందుకయ్యా మోసుకుపోయాడు? రేపు చెయ్యి కాలితే ఏ దేశం ఆసుపత్రికి పోను?" అంది.

సంతకం పెట్టొద్దని చెప్పాను. సోమవారం ఆమె కార్మికశాఖలో ఫిర్యాదు చేస్తోంది. సాక్షిగా నా పేరే రాయించాను.

మీ అన్న