బురదలో మిగిలిపోయిన డాల్ఫిన్

ఆగస్టు 10, 1952, ఆదివారం

ఎస్టేటు ఆసుపత్రిలో కట్లు కట్టే పనికి ఈరోజు సెలవు; గేటు దగ్గర పాస్ చూపించి, నది సముద్రంలో కలిసే మొగకు వచ్చాను. మ్యూజియం దొర అడిగిన పని. డాల్ఫిన్లు ఎక్కడ తిరుగుతున్నాయి, పిల్లలున్నాయా... చూసి చెప్పడం. జీతం లేదు. ఎస్టేటు చుట్టూ ముళ్లకంచె వేసినప్పటి నుంచి నాకు ఊపిరాడేది ఇక్కడే.

పడవ నడిపే మలయా జాలరి పాక్ మాన్ తెడ్డు ఆపేశాడు. అటు చూడమన్నాడు.

బురదలో తల్లి డాల్ఫిన్. పోటు తీసేసింది, అది మిగిలిపోయింది. పిల్ల మాత్రం కాలువ నీళ్లలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మోకాళ్లు దాటి దిగబడ్డాం. నెట్టాం. కదల్లేదు. చొక్కా విప్పి, తడిపి దాని వీపు మీద కప్పాను. బకెట్‌తో నీళ్లు పోస్తూనే ఉన్నాం. ఎండకి చర్మం పొక్కుతోంది. ఊపిరి వదిలినప్పుడల్లా అచ్చం జ్వరంతో ఉన్న మనిషే.

మళ్లీ పోటు వచ్చేసరికి చీకటి పడుతుంది. కర్ఫ్యూ అంతకంటే ముందే.

"నువ్వు పో లా, డ్రెస్సర్. నేనుంటాను. ముసలి జాలరిని నన్నెవరడుగుతారు?"

అన్నాడు పాక్ మాన్, మలయావాళ్ల అలవాటు కొద్దీ మాటకు 'లా' తగిలించి. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు ఆయన. నా సంచిలో అన్నం పొట్లం ఉంది, కట్టుగుడ్డల కింద దాచి తెచ్చింది. అడవివాళ్లకు, అంటే తుపాకులు పట్టి అడవిలో ఉన్న కమ్యూనిస్టులకు, చేరుతుందని కంచె దాటి గింజ కూడా పోనివ్వరు. పొట్లం ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

ఆగస్టు 11

గేటు మూసేశారు. అడవివాళ్లు కొబ్బరి షెడ్డు తగలబెట్టారట. పాస్‌లన్నీ రద్దు.

ఆగస్టు 12

వాన. అది బతికిందా?

ఆగస్టు 13

గేటు కాపలా అప్పన్న ఆసుపత్రికి వచ్చాడు. దగ్గు మందు కోసం అన్నాడు. దగ్గు లేదు.

"డ్రెస్సర్ బాబూ... ఆ పాక్ మాన్‌ని పోలీసోళ్లు ఆదివారమే అట్టుకుపోనారు. సేతిలో అన్నం పొట్లం దొరికినాదట. అడివోళ్లకే అని కేసు. ఎవులిచ్చినారని కొట్టినా నోరిప్పలేదట."

దగ్గు మందు సీసా అతని చేతిలో పెట్టి పంపేశాను.

ఇంటికొచ్చి నా భార్య నరసమ్మకు చెప్పాను. అరిచింది. "ఏటి సేసినావు? నువ్వే ఇచ్చినావని సెప్తే నిన్నూ లోపలేస్తారు. ఈ కడుపుతో నేనేటైపోవాలి?"



ఆగస్టు 14

ఒకడి కాలికి కట్టు కట్టాను. వదులైంది. విప్పి మళ్లీ కట్టాను. మళ్లీ వదులే.

నరసమ్మ కంచం ముందు పెట్టింది. ముద్ద కలిపి వదిలేశాను. ఆమె కూడా తినలేదు. కంచం పక్కకి నెట్టి, గోడకేసి చూస్తూ అంది — "రేపు టేసనుకి ఎల్లు. ఆయన్ని అక్కడ ఒగ్గేసి మనం ఎలగ తింటాం?"

ఆగస్టు 15

తెలుక్ ఆన్సన్ పట్నం పోలీస్ స్టేషన్. బెంచీ మీద. కాగితం మోకాలి మీద.

పట్నంలో కేసు చూడాలని చెప్పి మేనేజరు దగ్గర ఒక్కరోజు పాస్ తీసుకున్నాను; రోగి కేసనుకున్నాడు. అబద్ధమేం కాదు.

చెప్పేశాను. అన్నం నాది, ఇచ్చింది నేను, డాల్ఫిన్‌కి కాపలా ఉన్నాడు గనక ఇచ్చాను. ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "చేపకి కాపలానా?"

పాక్ మాన్‌ని తెచ్చారు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. నన్ను చూపించి, ఈయన తెలుసా అని ఆయన్ని అడిగారు.

"తెలీదు లా. ఎప్పుడూ చూడలేదు."

"పాక్ మాన్! వద్దు... నిజం చెప్పు!"

నా వైపు తిరగలేదు. ఒప్పుకోవడం లేదు. వాళ్లు నన్ను నమ్మడం లేదు. ఎవరి కోసం అబద్ధమాడుతున్నానో చెప్పమంటున్నారు.

లోపలికి లాక్కుపోతుంటే గుమ్మం పట్టుకుని ఆగాడు. ఎవరితోనో కాదు, గాలితో అన్నట్టు —

"నీళ్లొచ్చినాయి. రెండూ ఈదుకుంటూ పోయినాయి."

నిజంగానా? నా కోసం అన్నాడా? చీకటి పడి పోటు రాకముందే ఆయన్ని పట్టుకున్నారో, వచ్చాకో, అప్పన్న చెప్పలేదు. నేను అడగలేదు.

తలుపు తెరిచారు. నా పేరు పిలుస్తున్నారు.