టిక్కు పెట్టినవాళ్ళ పేర్లు

గురువారం, ఫిబ్రవరి 13
కాలేజీ పత్రిక గది

చిరంజీవి ఎలిసేయోకు,

అమ్మ నిండు మనసుతో దీవించి రాస్తున్నది. ఇక్కడ అమ్మమ్మా నేనూ ఒంట్లో కులాసాగానే ఉన్నాం. నువ్వూ, నీ చేపల ఓడా ఆ అలాస్కా చలిలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తలవడమే తప్ప నీ ఫోను పలికితే కదా. గ్వాదలూపే మాత నిన్ను కాపాడాలి.

నువ్వు ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. అమ్మమ్మ బీపీ మాత్రలు వేసుకుంటోంది. నా మీద కోపంతో, ఒక్కోటీ నాకు చూపించి మరీ మింగుతోంది. మొన్న ఆదివారం పోసోలే సూపు వండితే నీ వాటా కూడా తానే తాగింది. బాదం తోటలు పూతకొచ్చాయి. ప్యాకింగ్ షెడ్డులో నాకు వారానికి మూడు రోజులే పని, మిగతా రోజులు కాలేజీ. నలభై నాలుగేళ్ళ వయసులో పసిపిల్లల మధ్య కూర్చుని పత్రిక నడపడమేమిటని మీ మామయ్య వెక్కిరించడం మానలేదు. నిన్న కూడా, "ఎడిటరమ్మగారూ, మా ఆవిడ వండే బీన్స్ మీద ఒక వార్త వెయ్యండి, ఊరంతా జాగ్రత్తపడతారు" అన్నాడు. నవ్వాలని చూశాను. నవ్వు రాలేదు.

మీ వెల్డింగ్ సిల్వేరా మాస్టారు ఎలా ఉన్నారని అడిగావు. ఆయన సోమవారం నుంచి కాలేజీకి రావడం లేదు. ఎందుకో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతూ రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

మూడు వారాల కిందట తూవా లోర్ అనే కుర్రాడు మా పత్రిక గదికి వచ్చాడు. లావోస్ నుంచి వలస వచ్చిన హ్మాంగ్ వాళ్ళబ్బాయి, ఇరవై ఏళ్ళుంటాయి, వెల్డింగ్ కోర్సు. నిమ్మకాయల సంతకి ప్రకటన వేయించడానికి వచ్చినవాడు, దగ్గుతూ కుర్చీలో కూలబడ్డాడు. చేతిలో పాల డబ్బా. జింకు పూత ఇనుము అతికించిన రోజు సాయంత్రానికి చలిజ్వరం వస్తుందనీ, పాలు తాగితే తగ్గుతుందని సీనియర్లు చెప్పారనీ అన్నాడు. మా రిపోర్టరు నయేలీ కలం తీసింది.

వెల్డింగ్ షాపులో పొగ లాగే ఫ్యాన్లు తిరగడం లేదట. ఇక్కడి పద్ధతి నీకు నేను చెప్పేదేముంది. పొద్దున్నే గోడ మీది కాగితంలో "ఫ్యాన్లు నడుస్తున్నవి" అన్నచోట ప్రతివాడూ టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి. టిక్కు లేకపోతే ఆ రోజు గంటలు లెక్కకి రావు, గంటలు నిండకపోతే సర్టిఫికెట్టు లేదు. అందుకని తలెత్తి ఫ్యాన్ల వైపు చూడకుండానే అందరూ టిక్కు పెడతారు. తూవా కూడా పెట్టాడు.

అన్నీ చెప్పాడు గానీ పేరు వెయ్యొద్దన్నాడు. పేరు లేని మాట మా పత్రికలో వెయ్యకూడదు, అది మా నియమం. మాకు పాఠం చెప్పే లొరెయిన్ మేడం అచ్చుకి ముందు ఒక్క వాక్యం కూడా చదవరు. విద్యార్థుల పత్రిక, మంచైనా చెడైనా మీదే అంటారు. కాబట్టి ఆ కుర్రాణ్ణి ఒప్పించాల్సింది నేనే. గంటసేపు పక్కన కూర్చుని, వీపు నిమిరి, "నీకేం కాదు నాన్నా, నేనున్నాను కదా" అన్నాను. ఎడిటరులా అడిగితే ఒప్పుకునేవాడు కాదు. అమ్మలా అడిగాను, ఒప్పుకున్నాడు. పోయిన బుధవారం మొదటి పేజీలో పేరుతో, ఫొటోతో వేశాం.

అంతే, తేనెతుట్టె కదిలింది. షాపు దగ్గరి స్టాండులో కాపీలన్నీ ఎవరో ఎత్తి చెత్తబుట్టలో కుక్కారు. శుక్రవారం నా కారు అద్దానికి ఆ మొదటి పేజీ అంటించి ఉంది, తూవా ముఖం మీద ఎర్ర సిరాతో పెద్ద టిక్కు. దాన్ని గోళ్ళతో గీకి పీకాను. అప్పుడే సిల్వేరా మాస్టారు తన ట్రక్కు దిగి నా దగ్గరికి వచ్చారు. మనిషి సగమైపోయారు. ఫ్యాన్ల మరమ్మతు కోసం ఏళ్ళ తరబడి రాసి ఇచ్చారట. గట్టిగా అడిగితే షాపే మూసేస్తారని, మూస్తే పిల్లలు రోడ్డున పడతారని ఊరుకున్నారట. వెళ్ళబోతూ ఆగి, "నీ కొడుకుని కూడా నేనే తయారుచేశాను కొన్సువేలో, అది మర్చిపోకు" అన్నారు. అది బతిమాలడమో బెదిరించడమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మాటే చెవుల్లో తిరుగుతోంది.

సోమవారం ఆయన్ని సెలవు మీద పంపేశారు. అదే రోజు డీన్ గారి ప్రకటన వచ్చింది. ఫ్యాన్లు ఈ జనవరి దాకా భేషుగ్గా తిరిగాయట, పాత కాగితాల మీది టిక్కులే సాక్ష్యమట. తిరగని ఫ్యాన్లకి టిక్కు పెట్టానని తన నోటితోనే చెప్పాడు కాబట్టి తూవా మీద విచారణ. ఫిబ్రవరి 27న. తప్పు తేలితే కోర్సులోంచి తీసేస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఫ్యాన్లు బాగుచేయలేక కుర్రాడి మీద పడ్డారు. మిగతా కుర్రాళ్ళు అందరూ నోళ్ళు కుట్టుకున్నారు.

తూవా మంగళవారం వచ్చాడు. తల్లిదండ్రులకి ఇంకా చెప్పలేదట. "ఆంటీ, మా ముందు బ్యాచ్ వాళ్ళు ఒక్కరు చెప్పినా చాలు. ఫ్యాన్లు అప్పుడూ తిరగలేదని పేరు పెట్టి చెప్తే చాలు. మీకు ఎవరైనా తెలుసా?" అన్నాడు.

"ఎవరూ దొరకలేదు నాన్నా" అన్నాను.

ఇక దాచను. నవంబరులో నువ్వు రాసిన ఉత్తరం వంటింటి డబ్బాలో ఉంది. "ఇక్కడ ఓడలో పొగ లాగే మిషను లేనిదే వెల్డింగ్ టార్చి ముట్టుకోనివ్వరమ్మా, మన కాలేజీలో తనిఖీ ఉన్న రోజు తప్ప ఫ్యాను తిరగడం రెండేళ్ళలో నేను చూడలేదు" అని నీ చేతిరాతతో ఉంది. తూవా వచ్చిన రోజే నాకది గుర్తొచ్చింది. ఇంటికెళ్ళి తీసి చదివాను. చదివి, ఇంకా అడుక్కి తోసి, పైన బియ్యం సంచి పెట్టాను.

నువ్వు చదువుకునే రోజుల్లో ఒక్కోసారి సాయంత్రం గజగజ వణుకుతూ వచ్చి, సీసాడు పాలు గటగటా తాగి పడుకునేవాడివి. ఫ్లూ అనుకున్నాను. కోడి చారు కాచి ఇచ్చి, ఉదయం నేనే లేపి, ఆలస్యమవుతోందని తిట్టి మళ్ళీ అదే పొగలోకి పంపాను. ఆ సంగతి తలుచుకుంటే నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

అయినా ఎందుకు దాచానో నీకు తెలుసు. నీ పేరు బయటికొస్తే నీ రెండేళ్ళ టిక్కులూ బయటికొస్తాయి. నీ గంటలు చెల్లవంటారేమో, సర్టిఫికెట్టు లాక్కుంటారేమో, ఓడలోంచి దింపేస్తారేమో. కాకి పిల్ల కాకికి ముద్దు. ఇంకొకమ్మ బిడ్డ పేరు మొదటి పేజీలో వేయించినదాన్ని, నా బిడ్డ పేరు బియ్యం సంచి కింద దాచాను.

ఈ రోజు పొద్దున క్యాంటీన్ వెనకాల తూవాని కలిసి నిజం చెప్పేశాను. అబద్ధమాడాననీ, ఆ ఒక్కరూ ఉన్నారనీ, ఆ ఒక్కరూ నా కొడుకేననీ చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "ఆంటీ, మీ అబ్బాయికి ఇప్పుడు ఒంట్లో బాగుంటోందా?" అని అడిగాడు. నీ పేరు అడగలేదు. సాక్ష్యం చెప్పించమనీ అడగలేదు. క్లాసుకి టైమవుతోందని వెళ్ళిపోయాడు.

వాడు అడగలేదు కాబట్టి నేను అడగాల్సి వచ్చింది.

పత్రిక 26న అచ్చవుతుంది. ఈ ఉత్తరం మీ రేవుకి చేరేసరికి వారం పట్టవచ్చు. సరేనంటే, నువ్వు చూసింది చూసినట్టు నీ చేత్తో రాసి, కింద నీ నిండు పేరు, ఇంటిపేరుతో సహా పెట్టు. ఆ కాగితం ఫొటో తీసి రేవు నుంచి పంపు. వద్దనుకుంటే వద్దు. నీ నవంబరు ఉత్తరం నేను ఎవరికీ చూపించను, నిన్ను ఎప్పటికీ ఒక్క మాట అనను. కాకపోతే ఆ రోజు నుంచి ఈ కుర్చీలో కూర్చోను. ఇంకొకరి బిడ్డని పేరు అడిగే ముఖం నాకు ఉండదు.

బాగా ఆలోచించుకో. నేను తల్లినని మొహమాటపడకు. తూవాని అమ్మలా అడిగి ఒప్పించాను, నిన్ను అలా అడగను. నువ్వు వద్దంటావేమోనని భయంగా ఉంది నాయనా. సరేనంటావేమోనని అంతకంటే భయంగా ఉంది.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూడడానికి కూడా జంకుతున్న
నీ అమ్మ
కొన్సువేలో