గుడారం జిప్పు

సుభద్రా,

నాకు మళ్లీ యానాం బదిలీ అయింది. నువ్వు పోయాక ఇదే మొదటి బదిలీ. కుక్కనెవరికైనా ఇచ్చేసి బస్సెక్కమన్నారు ఆఫీసులో. ఒళ్లు మండింది. ఎల్లుండి మోతీతో ఎప్పటిలా కారులోనే బయలుదేరతాను.

కుక్క ఉంటే లాడ్జీలో గది ఇవ్వరని నువ్వు కొన్నావే, ఆ గుడారం ఎక్కడైనా చిరిగిందేమోనని ఈ సాయంత్రం మేడ మీద వేసి చూశాను. నువ్వు పట్టుకునే వైపు కర్ర నిలబడనంది. పక్కింటి మునెమ్మక్క ఆరేసిన బట్టలు తీస్తూ, "ఏంది తమ్ముడూ, ఇంత ఇల్లు పెట్టుకోని మాడి మీద గుడారమా?" అంటూనే వచ్చి పట్టుకుంది.

లోపలికెళ్లి మోతీని పిలిచాను. రాలేదు. దారిలో ఎక్కడ ఆగినా మనిద్దరం లోపలికి వెళ్లాకే అది వచ్చేది, దాని వెనకే నువ్వు జిప్పు వేసేదానివి. ఇవాళ బయటే కూర్చుని మెట్లకేసి చూస్తోంది. మళ్లీ పిలవబోతే మునెమ్మక్క, "వద్దులే తమ్ముడూ, దాన్నట్టా ఉండనీ" అంది.

జిప్పు వెయ్యకుండానే పడుకున్నాను. నువ్వుంటే దోమలొస్తాయని అరిచేదానివి.

నిజంగానే వచ్చాయి.