తెల్లపలక

మే 30, 1988
నాన్న తెల్లపలకకు మళ్ళీ రంగువేసి మా ఊరి ముందున్న సముద్రపు పాయ, ఫియోర్డ్ అడుక్కి దించాడు. సాల్మన్ చేప దాని మీదుగా వెళితే మంచె మీద కాపలా ఉన్నవాళ్ళకు నీడ కనిపిస్తుంది. వెంటనే వల లాగాలి. మూడు వేసవులుగా ఒక్క నీడా లేదు. నేను పనిచేసేది సాల్మన్లు పెంచే ఫారంలో. మీ ఫారం చేపలకు పట్టిన పేలే మా చేపల్ని తినేశాయని నన్ను దెప్పుతాడు. అయినా పొద్దున్నే మంచె ఎక్కుతాడు.

జూన్ 14
తొందరలో బోటును ఫారం చేపలుండే వల పంజరానికి మరీ దగ్గరగా తిప్పాను. ప్రొపెల్లర్ వలను చీల్చింది. కుట్టేలోగా సగం సాల్మన్లు ఫియోర్డ్‌లోకి పోయాయి. ఎక్కడా నోరు విప్పకు, అందరి ఉద్యోగాలూ పోతాయి అన్నాడు మేనేజర్ తోర్‌లైవ్. తలూపాను. ఛీ.

జూన్ 15
ఇంట్లో చెప్పలేదు.

జూన్ 19
నాన్న కేకకు ఒడ్డుకు పరిగెత్తాను. "వచ్చాయే గున్‌వోర్! దారి మర్చిపోలేదే!" అంటున్నాడు నాతో. పడవ నిండా చేపలు. నాకు ఒక్క చూపు చాలింది. ఇరుకు పంజరంలో రాసుకుని రాసుకుని తోకలు గుండ్రంగా అరిగిపోయాయి. అవి మా ఫారం చేపలే. కళ్ళజోడు లేని నాన్న వాటిని నిమురుతూ కూనిరాగం తీస్తున్నాడు. రేపు ఊరంతా భోజనానికి రావాలట. పడవలోంచి చేపలు దించడానికి సాయం చేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

జూన్ 20
ఉడికించిన సాల్మన్, బంగాళాదుంపలు, పుల్లటి మీగడ. పక్కింటి బ్రూన్‌హిల్డ్ ఊరుకుంటుందా? ఇన్నేళ్ళూ నువ్వు నీ నీడనే చూసుకుంటున్నావనుకున్నాం షూర్, అంది నాన్నతో. అందరూ నవ్వారు. నాన్న ఇంకా గట్టిగా నవ్వాడు.

మా ఇంట్లో మొదటి చేపను తలా తోకా ఉంచి వడ్డిస్తారు. ఈసారి అన్నీ ముక్కలే. చేపలు కోసింది నాన్నే. తోకేదని బ్రూన్‌హిల్డ్ అడిగితే పిల్లి ఎత్తుకుపోయిందన్నాడు.

తొక్కలు పారేద్దామని పడవల కొట్టం వెనక్కి వెళ్ళాను. అక్కడ మూతపెట్టిన బకెట్. నిండా కోసేసిన తోకలు, అరిగిన రెక్కలు. వెనక నాన్న నిలబడి ఉన్నాడు, కళ్ళజోడు పెట్టుకుని. "నీళ్ళలో వేస్తే ఎవరి కంటైనా పడతాయి తల్లీ. పాతిపెడదాం, పార తే" అన్నాడు.

తెచ్చాను. ఇద్దరం గుంట తవ్వి పాతిపెట్టాం. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 21
నాన్న పలకను పైకి లాగాడు. దానికి నల్లరంగు వేస్తున్నాడు. ఇక దాని మీద ఏ నీడా కనిపించదు. రెండో బ్రష్ నా చేతికిచ్చాడు.