సమాధులు తవ్వేవాడి ఎనభై గంటలు

బ్రష్ క్రీక్,
జూన్ 4.

ఆరోగ్య బీమా ఆఫీసులోని పెద్దలకు,

డెల్మర్ స్ప్రాడ్లిన్ నమస్కరించి వ్రాయునది. మా ఊరి చర్చి శ్మశానంలో సమాధులు తవ్వడం నా పని. ఇరవై ఆరేళ్లుగా అదే చేస్తున్నాను. నాకు షుగరు. మీరిచ్చిన కార్డు మీదే ఇన్సులిన్ తెచ్చుకుంటున్నాను. ఇకమీదట నెలకు ఎనభై గంటలు పని చేసినట్టు చూపించకపోతే కార్డు ఆగిపోతుందని మీ కాగితం వచ్చింది.

పనంటే నాకు బద్ధకం లేదు. మాది కొండనేల, అంతా రాయి. ఒక్కో గొయ్యికి తొమ్మిది గంటలు పడుతుంది. మే నెలలో ఊళ్లో ఇద్దరే పోయారు. అంటే పద్దెనిమిది గంటలు. మిగతా అరవై రెండు గంటలకు నేనేం చెయ్యాలో దయచేసి చెప్పగలరు.

ఇట్లు,
డెల్మర్ స్ప్రాడ్లిన్

తా.క.: ఏప్రిల్లో ఏడుగురు పోయారు. అప్పటికి మీ రూలు రాలేదు.


జిల్లా ఆరోగ్య బీమా కార్యాలయం,
జూన్ 12.
విషయం: పని గంటల కొరత.

శ్రీ స్ప్రాడ్లిన్ గారికి,

తమరి లేఖ అందినది. తమరు యజమానిని కలిసి అదనపు పని కోరవలెను. ప్రచారము ద్వారా కొత్త ఖాతాదారులను కూడా చేర్చుకొనవచ్చును. సేవ పొందిన ప్రతి ఖాతాదారుని పేరు, సంతకము, ఫోను నంబరు ఫారము 31లో నింపవలెను. ఫారములు కంప్యూటరు ద్వారా మాత్రమే స్వీకరించబడును.

ఇట్లు,
విన్‌ఫ్రెడ్ టాకెట్, ఫైళ్ల అధికారిణి

తా.క.: 'ఖాతాదారు సంతృప్తి చెందెనా' అను గడిని ఖాళీగా వదలరాదు.


బ్రష్ క్రీక్,
జూన్ 24.

టాకెట్ మేడమ్ గారికి,

మీరు చెప్పినట్టే మా పాస్టర్ గారి దగ్గరికి వెళ్లాను. "అయ్యగారూ, నాకు పని కాస్త పెంచగలరా" అని అడిగాను. "డెల్మర్, పోయిన నెల నలుగురు రోగుల కోసం ప్రార్థన చేశాను. నలుగురూ లేచి తిరుగుతున్నారు. ఇప్పుడు నన్నేం చెయ్యమంటావయ్యా" అన్నారు. ప్రచారం సంగతంటారా, మా బావమరిది బోర్డు రాసిస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

మా ఇంట్లో కంప్యూటరు లేదు. పంతొమ్మిది మైళ్లు పోయి లైబ్రరీలో కూర్చున్నాను. అక్కడ పనిచేసే ఐవా జీన్ గారు ఓపిగ్గా నేర్పించారు. నాలుగుసార్లు అంతా నింపాక మళ్లీ మొదటికొచ్చింది, ఐదోసారి ఎక్కింది. మీ పనుల జాబితాలో సమాధులు తవ్వే పని కనిపించలేదు. దగ్గరగా ఉన్నది చూసి 'దీర్ఘకాలిక వసతి' మీద నొక్కాం. ఇరవై ఆరేళ్ల పేర్లన్నీ చర్చి రిజిస్టరులోంచి ఎక్కించాను. సంతకాలు మాత్రం దొరకలేదు. ఫోను చేసినా పలకరు.

పక్క కుర్చీలో కోళ్ల ఫ్యాక్టరీలో చేసే టెస్సా గిల్‌క్రిస్ట్ కళ్లు తుడుచుకుంటోంది. వారానికి యాభై గంటలు నిలబడి పనిచేస్తుంది. ఆ గంటలు కంప్యూటరుకు చెప్పడం రాక కార్డు పోగొట్టుకుంది. నాకు తెలిసిన నాలుగు నొక్కులూ చూపించాను. వచ్చే వారం వాళ్ల వీధివాళ్లని కూడా తీసుకొస్తానంది.

ఇట్లు,
డెల్మర్

తా.క.: సంతృప్తి గడిలో 'ఇంతవరకు ఎవరూ వచ్చి ఫిర్యాదు చెయ్యలేదు' అని రాశాను.


జిల్లా ఆరోగ్య బీమా కార్యాలయం,
జులై 2.
విషయం: కార్డు నిలుపుదల.

శ్రీ స్ప్రాడ్లిన్ గారికి,

తమరి వద్ద వసతికి దిగిన రెండు వందల ముప్పైనాలుగు మందిలో ఒక్కరును జీవించి లేరని కంప్యూటరు కనుగొన్నది. ఈ విషయము మోసముల విభాగమునకు పంపబడినది. తమరి కార్డు జులై ఒకటి నుండి నిలుపుదల చేయడమైనది. అభ్యంతరమున్నచో ఆగస్టు పదిలోపు విచారణ కోరవచ్చును.

ఇట్లు,
విన్‌ఫ్రెడ్ టాకెట్

తా.క.: తమరి వృత్తి ఏమిటో నేను చదివితిని. కంప్యూటరు చదవలేదు. దానికి తెలియజేయు అధికారము నాకు లేదు.


బ్రష్ క్రీక్,
ఆగస్టు 1.

టాకెట్ మేడమ్ గారికి,

మీ మోసాల ఇన్‌స్పెక్టరు వచ్చి వెళ్లాడు. "నీ దగ్గర దిగినవాళ్లంతా చనిపోయారట, నిజమేనా" అని అడిగాడు.

"నిజమే సార్. కానీ దిగకముందే పోయారు" అన్నాను.

శ్మశానం చుట్టూ తిరిగి చూసి, టోపీ తీసి, ఏమీ రాసుకోకుండా వెళ్లిపోయాడు.

కానీ మేడమ్, నవ్వులాట పక్కన పెడితే నా ఒంట్లో బాగుండడం లేదు. క్లినిక్ నర్సు జాలిపడి ఇచ్చిన ఒక్క ఇన్సులిన్ సీసానే సగం సగం చేసి పొడుచుకుంటున్నాను. మొన్న తవ్వుతూ కళ్లు తిరిగి గోతిలోనే కూలబడ్డాను. పైకి లాగింది పాస్టర్ గారే. "గంటల కోసం నువ్వు మరీ ఇంత చెయ్యక్కర్లేదు డెల్మర్" అన్నారు గానీ, ఆ రోజు పార మళ్లీ నా చేతికివ్వలేదు.

అందుకే విచారణ కోరుతున్నాను. జులైలో వారానికి మూడు రోజులు లైబ్రరీలోనే ఉన్నాను. టెస్సా నలుగుర్ని తెస్తే, ఆ నలుగురూ ఇంకో పదిమందిని తెచ్చారు. పొద్దుటినుంచి సాయంత్రందాకా వాళ్ల గంటలు ఎక్కించడమే పని. ఐవా జీన్ గారు నేనొచ్చిన వేళా వెళ్లిన వేళా పుస్తకంలో రాసిపెట్టారు. "జీతం లేకుండా ఊరికి చేసే సేవ కూడా పనేనని వాళ్ల కాగితంలోనే ఉంది, పద్నాలుగో పేజీ. మీరు చూసుకోలేదా" అన్నారావిడ. చూసుకోలేదు. అందరి కాగితాలూ చదివాను, నాది తప్ప. మొత్తం తొంభై ఒక్క గంటలు.

ఇట్లు,
డెల్మర్

తా.క.: కార్డులు తిరిగొచ్చినవాళ్లంతా పీచ్ పళ్లతో తీపి చేసి తెస్తున్నారు. షుగరున్నవాడికి.


మా ఇంటి నుంచి,
ఆగస్టు 23.

డెల్మర్ గారికి,

ఆఫీసు ఉత్తర్వు మీకు విడిగా వస్తుంది. ఈలోగా మీరు కంగారుపడతారని రాస్తున్నాను. తొంభై ఒక్క గంటలూ ఒప్పుకున్నారు. మోసం కేసు కొట్టేశారు. ఈ ఉదయం నుంచి మీ కార్డు చెల్లుతుంది. ఇది అందగానే మందుల షాపుకు వెళ్లండి, మిగతాది తర్వాత చదవచ్చు.

పందొమ్మిదేళ్ల ఉద్యోగంలో మొన్న మీకు జరిగినలాంటి విచారణ నేను చూడలేదు. మీ వెనకాల ముప్పై ఒక్కమంది వచ్చి గోడలకు ఆనుకుని నిలబడ్డారు. "వీళ్లంతా ఎవరు" అని విచారణాధికారి అడిగారు. టెస్సా ముందుకొచ్చింది. "మా అందరి కార్డులూ ఈయన వల్లే వచ్చాయి సార్. ఈయన కార్డే రాలేదు. ఇంకేం పని చెయ్యాలో మీరే చెప్పండి" అంది. విచారణాధికారి కళ్లజోడు తీసి తుడుచుకోవడం మీరు చూశారో లేదో గానీ, నేను చూశాను.

ఇక నా స్వంత విషయం. మా తమ్ముడు రోలండ్ ఇళ్లకు పైకప్పులు వేస్తాడు. గంటలు సరిపోయాయి, అయినా కంప్యూటరుకు ఎక్కించడం రాక వాడి కార్డు పోయింది. పోయిందని చెప్పే కాగితం మీద ఉన్న సంతకం నాదే. బంధువుల ఫైళ్లు మేం ముట్టుకోకూడదు. పోనీ ఇంట్లో కూర్చోబెట్టి నేర్పిద్దామనుకుంటే, మూడుసార్లు మొదటికొచ్చింది. నాకే రాలేదండీ.

మంగళవారం మీరు లైబ్రరీలో ఎన్నింటికి కూర్చుంటారు?

ఇట్లు, మీ
విన్‌ఫ్రెడ్

తా.క.: లైబ్రరీ వరసలో మా ఆఫీసువాళ్లు ఇంకో ఇద్దరు కనిపిస్తారు. దయచేసి ఎరగనట్టు ఉండండి.