ఒకే ఓడలో వచ్చినవాళ్ళ బొంత

జనవరి 14
మళ్ళీ చర్చి హాలుకు. కాలేజీ, షిఫ్టు రెండూ లేని రోజు కెనడా చలిలో, ఈ హాలిఫాక్స్‌లో ఇంకెక్కడికి... ఇక్కడి నల్లజాతి ఆడవాళ్ళు తమ పూర్వీకులు ఓడ దిగిన కథను బొంత మీద కుడుతున్నారు. పాత చీరలతో అమ్మ బొంతలు కుట్టేటప్పుడు పక్కన కూర్చుని అలవాటైన చేయి నాది. ఓడ బొమ్మ కుట్టే పని నాకే అప్పగించారు.

జనవరి 21
డోరతీ ఆంటీకీ, ఆమె తమ్ముడి భార్య రూత్ ఆంటీకీ మాటామాటా పెరిగింది. ఆ తమ్ముడు పోయి చాలా కాలమైంది. డోరతీ వంశంవాళ్ళు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ పక్షాన నిలిచి, స్వేచ్ఛ పొంది వచ్చారు. రూత్ వంశంవాళ్ళను అదే ఓడలో ఒక తెల్ల కుటుంబం బానిసలుగా తెచ్చింది, సామానుతో పాటు.
"మేం స్వేచ్ఛగా దిగినవాళ్ళం. బొంత మీద బానిసలు వద్దు."
"మరి మావాళ్ళు ఈదుకుంటూ వచ్చారా?"


ఫిబ్రవరి 4
రూత్ ఆంటీ గళ్ళ గుడ్డతో మనుషుల బొమ్మలు కత్తిరించి తెచ్చారు. బానిసలుగా వచ్చిన తమవాళ్ళట, ఓడ అడుగున కుట్టమన్నారు. కుట్టాను.

ఫిబ్రవరి 5
రూమ్మేట్ స్రవంతిది వరంగల్. "వాళ్ళ లొల్లి నీకెందుకే? వర్క్ పర్మిట్ సంగతి చూస్కో." స్టూడెంట్లను తగ్గిస్తారన్న వార్త వచ్చినప్పటి నుంచి దానికి అదే దిగులు. నాకూ.
అమ్మకు ఫోన్ చేశాను. బొంత సంగతి చెప్పి, "పాలేరుగా ఉన్న తాతను ఆసామి గొడ్లచావిట్లోనే పడుకోబెట్టేవాడట కదా" అన్నాను. అమ్మ గొంతు తగ్గించింది. "అవన్నీ అక్కడెవరికీ చెప్పకమ్మా."
డోరతీ ఆంటీ మాటలాగే వినిపించింది.

ఫిబ్రవరి 11
డోరతీ ఆంటీ ఓడ అడుగు చూశారు. వేళ్ళతో తడిమారు.
"ఇది మా తమ్ముడి చొక్కా."
"నా భర్త చొక్కా" అన్నారు రూత్.
డోరతీ కోటు తీసుకుని వెళ్ళిపోయారు.

ఫిబ్రవరి 17
రేపే బొంత ప్రదర్శన. హాల్లో డోరతీ ఆంటీ ఒక్కరే. కత్తెర నా ముందు పెట్టారు. "నువ్వు కుట్టిందే కదా, విప్పెయ్యి."
"నా వల్ల కాదు ఆంటీ. మా తాత కూడా..." కత్తెర వెనక్కి జరిపాను.
నా మొహంలోకి చూశారు. కత్తెర తీసుకున్నారు. తనే విప్పడం మొదలుపెట్టారు. చూపు ఆనదు, కుట్టు కుట్టుకీ తడబాటు. ఒక బొమ్మ ఊడివచ్చింది. ఒళ్ళో పెట్టుకుని, మడతలు సాపు చేస్తూ ఉండిపోయారు. తమ్ముడి చొక్కా గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నారు.
చివరికి, "సూదికి దారం ఎక్కించివ్వు."
ఎక్కించి ఇచ్చాను. బస్సు టైమైంది. ఆ మనిషిని మళ్ళీ అడుగునే కుడతారో, పైన తనవాళ్ళ పక్కన నిలబెడతారో... తలుపు దగ్గర ఆగి చూశాను. వంగిన వీపు తప్ప చేతులు కనబడలేదు.