కాలు నేలకు ఆనకుండా

కరీం,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ ఉదయం గుణదలలో మీ సందులో, కాలు నేలకు ఆనకుండా నీ బుల్లెట్‌ని ఒక్క తిప్పులో వెనక్కి తిప్పాను.

నువ్వు రోజూ అలాగే తిప్పేవాడివి. పత్రికాఫీసు నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా ఫొటోలకు వెంటనే బయల్దేరేలా బండిని రోడ్డు వైపు తిప్పి గుమ్మం ముందు ఆపేవాడివి. నీ వెనక కూర్చుని తిరిగిన రిపోర్టర్ని, నాకు ఆ బరువేమిటో తెలియలేదు.

మీ ఆవిడ జరీనా నీ బండి అమ్మేస్తానంటే, నాకిమ్మని అడిగాను.

"తీసుకెళ్ళి నేర్చుకోండి భాయ్. మా సందులో ఆయనలా తిప్పితేనే మీది. మీరు పడితే మీ ఆవిడకి నేనేం చెప్పుకోను?" అంది.

ఆదివారాలు ఆటోనగర్‌లో, మూసిన షెడ్ల మధ్య నేర్చుకున్నాను. వేగంగా నడపడం తేలికే. మనిషి నడకంత నెమ్మదిగా తిప్పడమే కష్టం. క్లచ్ సగం వదిలి, వెనక బ్రేకు తొక్కిపట్టినా కళ్ళు ముందు చక్రం మీదికే పోయేవి. చూసిన చోటే బండి పడేది.

ఈరోజు ఒక పక్క మురుగుకాలువ, మరో పక్క స్కూటర్లు. సగం తిరిగాక బండి ఒరిగింది.

"కిందేం చూస్తారు భాయ్, ఇటు చూడండి!" గుమ్మంలోంచి జరీనా అరిచింది.

తలెత్తి ఆమె వైపు చూశాను. బండి లేచి, తిన్నగా ఆ గుమ్మం ముందుకే వచ్చి ఆగింది.

"కాలు పెట్టానా?"

"లేదు. ఇక ఈ బండి మీది," అని నవ్వింది.

ఇన్నాళ్ళూ అదంతా నీ చేతి పనితనమనుకున్నాను. నువ్వు ఎటు చూస్తూ తిప్పేవాడివో ఇవాళ తెలిసింది.